ఫైలు నుదుటి రాత

రాజ్యాధికారం ఎక్కడ ఉన్నదని అడిగితే పార్లమెంటులో ఉన్నదని రాజ్యాంగ పండితులు చెబుతారు. ప్రధానమంత్రి కార్యాలయంలో ఉన్నదని రాజకీయ విశ్లేషకులు చెబుతారు. ఏ మంత్రిత్వశాఖలోనైనా పాతికేళ్ళు పనిచేసి తల నెరిసిన సెక్షన్ ఆఫీసరును అడిగితే మాత్రం, అది ఫైలు అట్టకు అంటించిన రెండంగుళాల చీటీలో ఉన్నదని చెబుతాడు. మూడు మాటల్లోనూ నిజం ఉన్నది గాని, సామాన్య పౌరుడి అనుభవానికి దగ్గరగా ఉన్నది మూడవ మాటే. పార్లమెంటు చేసిన చట్టమైనా, మంత్రివర్గం తీసుకున్న నిర్ణయమైనా, న్యాయస్థానం ఇచ్చిన తీర్పైనా అమలుకు వచ్చేసరికి ఒక ఫైలుగా మారవలసిందే. ఆ ఫైలు ముందుకు నడుస్తుందా, మూలన కూర్చుంటుందా, నలుగురి కంట పడుతుందా, ఇనుపబీరువాలో మగ్గుతుందా అన్నది దాని నుదుట వ్రాసిన ఒకటి రెండు మాటలను బట్టి ఉంటుంది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్న సామెత మన దేశంలో పుట్టడం యాదృచ్ఛికం కాదు.

ఈ విషయం ఇప్పుడు ప్రస్తావించవలసిన అగత్యం ఉన్నది. కేంద్ర ప్రభుత్వ కార్యాలయాలు ఇల్లు మారుతున్న కాలమిది. 2025 ఆగస్టు 6న కర్తవ్య భవన్ సముదాయంలోని మొదటి భవనానికి ప్రారంభోత్సవం జరిగింది. హోంశాఖ సహా కొన్ని మంత్రిత్వశాఖలకు అందులో చోటు కల్పించారు. అంతకుముందు నుంచే, అంటే 2021 నుంచి, ఏటా అక్టోబరు 2వ తేదీ మొదలు నెలాఖరు వరకు పెండింగు పనుల పరిష్కారం కోసం, పాత కాగితాల తొలగింపు కోసం ప్రత్యేక ఉద్యమం నడుస్తున్నది. కార్యాలయం శుభ్రపడటం మంచిదే. గదులు ఖాళీ అయితే గాలి వెలుతురు వస్తాయి. అయితే ఇల్లు మారేవారు ఏ పెట్టెను వెంట తీసుకొనిపోవాలి, దేనిని పాత సామానుల వానికి వేయాలి అన్నది పెట్టె మీది చీటీ చూసి నిర్ణయిస్తారు. చీటీ తప్పయితే పెళ్ళినాటి పట్టుచీర పాత సామానులలో పోతుంది, పగిలిన బొమ్మ కొత్త ఇంటికి చేరుతుంది. ప్రభుత్వం విషయంలో పోయేది పట్టుచీర కాదు, జాతి జ్ఞాపకశక్తి.

నాలుగు రకాల చీటీలు

ప్రభుత్వ కాగితానికి నాలుగు రకాల హోదాలు ఉంటాయి. మొదటిది తొందరను తెలిపేది: తక్షణం, ప్రాధాన్యం వంటివి. రెండవది దశను తెలిపేది: ముసాయిదా, పరిశీలనలో ఉన్నది, ఆమోదించబడినది, ముగిసినది వంటివి. మూడవది ఆయుష్షును తెలిపేది: శాశ్వతంగా ఉంచవలసినది, పదేళ్ళు ఉంచవలసినది, ఏడాది తరువాత తీసివేయదగినది వంటివి. నాల్గవది గోప్యతను తెలిపేది: అతి రహస్యం, రహస్యం, గోపనీయం, పరిమితం అనే నాలుగు మెట్లు. ఈ నాలుగింటికీ నాలుగు వేర్వేరు ప్రయోజనాలు. మొదటిది గుమాస్తాకు, రెండవది పౌరుడికి, మూడవది చరిత్రకారుడికి, నాల్గవది దేశ రక్షణకు ఉపకరించాలి. ఆచరణలో నాలుగూ ఒకదానిలో ఒకటి కలిసిపోయి, నాలుగూ అధికారికే ఉపకరిస్తున్నాయన్నది ఈ వ్యాసకర్త వాదం.

తొందర చీటీతో ప్రారంభిద్దాం. కేంద్ర సచివాలయ కార్యవిధానాన్ని నిర్దేశించే మాన్యువల్ ఈ విషయంలో ఎంతో పొదుపు పాటించింది. ‘ఇమ్మీడియట్’ అన్న చీటీ సత్వరం దృష్టి పెట్టవలసిన వాటికే వాడాలనీ, మిగిలిన వాటిలో సామాన్యమైన వాటికంటె ముందు తేలవలసిన వాటికి ‘ప్రయారిటీ’ అన్న చీటీ చాలుననీ చెప్పింది. పార్లమెంటు ప్రశ్నలకు వేరే చీటీ ఉన్నందున, అది అంటించిన ఫైలుకు మళ్ళీ తొందర చీటీ అక్కరలేదని కూడా చెప్పింది. ఫైలు నడిచే ప్రతి దశలోనూ ఆ తొందర ఇంకా ఉన్నదా లేదా అని సమీక్షించి, అవసరమైతే చీటీ మార్చాలని కూడా ఆదేశించింది. వ్రాసిన వారికి మనుష్య స్వభావం తెలుసుననడానికి ఈ చివరి నియమమే తార్కాణం. అంటించడానికి ఉన్న ఉత్సాహం ఊడదీయడానికి ఎవరికీ ఉండదు.

ఫలితం తెలిసినదే. అన్నీ తక్షణమైనప్పుడు ఏదీ తక్షణం కాదు. నాణేలు ఎక్కువగా ముద్రిస్తే రూపాయి విలువ పడిపోయినట్లే, ‘తక్షణం’ అన్న మాట విలువ కూడా పడిపోయింది. విలువ పడిన కొద్దీ దానిపైన ‘అతి తక్షణం’, దాని పైన ‘ఈరోజే పంపవలెను’ అన్న కొత్త చీటీలు పుట్టుకొచ్చాయి. ఇది ద్రవ్యోల్బణం వంటి వ్యాధి. దీనివల్ల నష్టపోయేది సిఫారసు లేని వాని కాగితం. మంత్రిగారి మనిషి, పార్లమెంటు సభ్యుని ఉత్తరం, పై అధికారి ఫోను ఏదో ఒక చీటీని సంపాదించుకుంటాయి. విధవా పింఛను కోసం అర్జీ పెట్టుకున్న అమ్మకు చీటీ అంటించేవారెవరు? ఆమెకు కలిగిన తొందర ఆకలి తొందర. మాన్యువల్‌లో దానికి లేబుల్ లేదు.

ముగిసినదంటే తీరినట్లేనా?

దశను తెలిపే చీటీ సామాన్యుడికి నేరుగా కనిపించేది. పాస్‌పోర్టు కావచ్చు, పింఛను కావచ్చు, ఫిర్యాదు కావచ్చు, నేడు ఎవరైనా చేతిఫోనులో ఒక అంకె కొట్టి తన కాగితం ఎక్కడున్నదో చూసుకోగలరు. ఒకప్పుడు జిల్లా కేంద్రానికి బస్సెక్కి పోయి, గేటు దగ్గర బంట్రోతును మంచి చేసుకొని తెలుసుకోవలసిన సంగతి ఇది. ఆ మేరకు ఇది నిజమైన ప్రగతి. దీనిని తక్కువ చేసి మాట్లాడటం న్యాయం కాదు.

కాని ఆ తెర మీద కనిపించే మాట ఎంత నిజమన్నదే ప్రశ్న. కేంద్ర ప్రభుత్వపు ఫిర్యాదుల వ్యవస్థ అయిన సీపీగ్రామ్స్‌లో ఫిర్యాదు పరిష్కారానికి ఒకప్పుడు 45 రోజుల గడువుండేది. దానిని 2022లో 30 రోజులకు, 2024 ఆగస్టులో 21 రోజులకు తగ్గించారు. గడువు తగ్గించడం సదుద్దేశంతోనే జరిగింది. అయితే గడువు అన్నది పనికి పెట్టారా, చీటీకి పెట్టారా? రోడ్డు వేయడానికి, పొరపాటు సరిచేయడానికి, బాకీ చెల్లించడానికి పట్టే కాలం 45 నుంచి 21కి తగ్గకపోవచ్చు. ‘ముగిసినది’ అన్న మాట వ్రాయడానికి మాత్రం అరనిమిషం చాలు. మీ ఫిర్యాదును సంబంధిత శాఖకు పంపినాము, ఇక ముగిసినది అని వచ్చే జవాబు ఫిర్యాదీకి ఏం తీర్చినట్లు? తలుపు తట్టిన వానికి పక్క తలుపు చూపించి, అతిథి సత్కారం పూర్తయినదని వ్రాసుకున్నట్లుంటుంది. ఈ లోపాన్ని ప్రభుత్వమూ గుర్తించకపోలేదు. తృప్తి చెందని ఫిర్యాదీ అప్పీలు చేసుకునే అవకాశం 2021లో కల్పించడమే అందుకు నిదర్శనం. కాని అప్పీలు చేసుకోవలసిన భారం మళ్ళీ ఫిర్యాదీ మీదనే పడింది.

మన తెలుగులో ‘బుట్టదాఖలు’ అన్న మాట ఉన్నది. దాఖలు చేయడమంటే లెక్కలోకి ఎక్కించడం. బుట్టలోకి దాఖలు చేయడమంటే లెక్కలోకి ఎక్కించినట్లే ఎక్కించి లేకుండా చేయడం. ‘ముగిసినది’, ‘పరిష్కరించబడినది’ అనే రెండు హోదాలకు మధ్యనున్న అగాధం అంతా ఈ ఒక్క తెలుగు మాటలో ఇమిడి ఉన్నది.

నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ రూపొందించిన ఇ-ఆఫీస్‌లో ఫైలును ‘పార్క్’ చేసే సదుపాయం ఉన్నది. వేరొక శాఖ నుంచి జవాబు రావలసి ఉన్నప్పుడో, కోర్టులో వ్యవహారం తేలవలసి ఉన్నప్పుడో ఫైలును ఒక పక్కగా నిలిపి ఉంచడానికి ఉద్దేశించినది. కారు నిలపడానికి చోటు దొరకని ఈ మహానగరంలో ఫైలు నిలపడానికి మాత్రం చోటుకు కరువు లేదన్నమాట. దీనిని మన ఊళ్ళలో అటకెక్కించడమంటారు. సదుపాయం తప్పు కాదు. ఎంతకాలం నిలపవచ్చు, ఎవరు దించాలి, గడువు దాటితే ఎవరికి కబురు వెళ్ళాలి అన్న నియమం కట్టుదిట్టంగా లేకపోతే అటక మీది కాగితానికి చెదలు పట్టకపోవచ్చు గాని, దానిని నమ్ముకున్న మనిషికి పడుతుంది.

కాగితానికి ఆయుష్షు

ఆయుష్షును నిర్ణయించే చీటీ తెలుగువారికి కొత్తది కాదు. మద్రాసు రాజధాని కాలంలో వచ్చిన జిల్లా కార్యాలయ మాన్యువల్, టాటెన్‌హామ్ పద్ధతిగా పేరుపడినది, ఆంధ్ర జిల్లాల కలెక్టరేట్లలో, తాలూకా కచేరీలలో తరతరాల గుమాస్తాలకు అక్షరాభ్యాసం చేసింది. ముగిసిన కాగితానికి ఆర్.డిస్. అని వేస్తే శాశ్వతంగా ఉంచాలి; డి.డిస్. అంటే పదేళ్ళు, కె.డిస్. అంటే మూడేళ్ళు; ఎల్.డిస్. అంటే ఏడాది. కచేరీ నుంచి వచ్చిన పాత ఉత్తరాల మీద ఈ పొడి అక్షరాలను చూసి, అవేమిటో తెలియక వదిలేసిన పాఠకులు ఎందరో ఉంటారు. కాని ఆ రెండక్షరాల మీదనే ఒక కుటుంబం భూమి హక్కు నిలబడి ఉండవచ్చు. తాతల నాటి పట్టాకు ఆధారమైన ఉత్తర్వు మీద గుమాస్తా ఆర్.డిస్. అని వేసినాడా, కె.డిస్. అని వేసినాడా అన్నదాన్ని బట్టి నలభై యేళ్ళ తరువాత మనుమడు న్యాయస్థానంలో గెలుస్తాడు, లేదా ఓడిపోతాడు.

కేంద్రంలోనూ ఇదే విధంగా ఏ, బీ, సీ అని మూడు తరగతులున్నాయి. శాశ్వతంగా ఉంచి ప్రతిరూపం కూడా తీయవలసినవి ఏ. శాశ్వతంగా ఉంచవలసినవే అయినా ప్రతిరూపం అక్కరలేనివి బీ. పదేళ్ళకు మించకుండా పరిమిత కాలం ఉంచవలసినవి సీ. దీనికి పైన 1993లో పబ్లిక్ రికార్డుల చట్టం చేశారు. చట్టవిరుద్ధంగా రికార్డును ధ్వంసం చేస్తే అయిదేళ్ళ వరకు జైలు, పదివేల రూపాయల వరకు జరిమానా విధించవచ్చునని అందులో ఉన్నది. 1892వ సంవత్సరానికి పూర్వం పుట్టిన రికార్డును, ఇక అభిలేఖగా ఏ ఉపయోగానికీ రానంతగా శిథిలమైతే తప్ప, ధ్వంసం చేయరాదనీ ఉన్నది. ఇంత పటిష్ఠమైన చట్టం ఉన్న దేశంలో జాతీయ అభిలేఖాగారం నిండుగా ఉండాలి.

ఉన్నదా? 1891 మార్చి 11న కలకత్తాలో ఇంపీరియల్ రికార్డు డిపార్టుమెంటుగా పుట్టి, రాజధానితో పాటు ఢిల్లీ చేరి, 1926 నుంచి జనపథ్ కూడలిలోని ఎర్రరాతి భవనంలో నెలకొన్న ఆ సంస్థ అధిపతి చందన్ సిన్హా 2022 డిసెంబరులో సుపరిపాలనా వారం సందర్భంగా చెప్పిన మాటలు ప్రతి ఆలోచనాపరుడినీ కలవరపరచవలసినవి. 151 మంత్రిత్వశాఖలు, విభాగాలు ఉండగా, తమ వద్ద ఉన్నవి 64 సంస్థల రికార్డులేననీ, అందులో మంత్రిత్వశాఖలు, విభాగాలు 36 మాత్రమేననీ ఆయన చెప్పారు. 1962, 1965, 1971 యుద్ధాల రికార్డులు తమ వద్ద లేవన్నారు. హరితవిప్లవం రికార్డులు కూడా లేవన్నారు. ఒక జాతి తాను ఎట్లా ఓడినదో, ఎట్లా గెలిచినదో, ఎట్లా ఆకలిని జయించినదో తెలిపే పత్రాలు దాని అభిలేఖాగారంలోనే లేవన్నమాట. రేపటి తరం గోధుమ పంట చరిత్ర వ్రాయాలన్నా విదేశీ గ్రంథాలయాల గడప తొక్కవలసిన దుస్థితి.

అన్నిటికన్న బరువైన చీటీ

దీనికి ఒక కారణం చట్టంలోనే దాగి ఉన్నది. గోప్యతా ముద్ర ఉన్న ఏ రికార్డునూ జాతీయ అభిలేఖాగారానికి తరలించరాదని 1993 చట్టం 10వ సెక్షను శాసిస్తున్నది. అంటే రహస్య ముద్ర తీసేవరకు ఆ కాగితం చరిత్రలో అడుగుపెట్టదు. మరి ముద్ర ఎవరు తీస్తారు? వేసిన శాఖ వారే. ఆ చట్టం కింద 1997లో చేసిన నియమావళి ఇందుకు మార్గం చూపకపోలేదు. అండర్ సెక్రటరీ హోదాకు తగ్గని ఒక అధికారిని ప్రతి శాఖా నియమించాలి. ఆయన ప్రతి అయిదవ యేటా రహస్య పత్రాలను పరిశీలించి ముద్ర తొలగించదగినవేవో చూడాలి. కాగితం మీద ఇంతకన్న మంచి నియమం ఉండబోదు. కాని నేతాజీ సుభాస్‌చంద్ర బోస్‌కు సంబంధించిన ఫైళ్ళ సంగతి చూడండి. స్వాతంత్ర్యానంతరం ఎన్ని అయిదేళ్ళు గడిచాయి? పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం 2015 సెప్టెంబరులో 64 ఫైళ్ళు బయట పెట్టిన తరువాత, 2016 జనవరి 23న కేంద్రం 100 ఫైళ్ళ ప్రతులను విడుదల చేసింది. విడుదలైన తరువాత భూమి బద్దలు కాలేదు. ఏ దేశంతోనూ యుద్ధం రాలేదు. ఇన్ని దశాబ్దాలు దాచడం వలన లాభపడినది పుకారు ఒక్కటే.

1962 పరాజయంపై లెఫ్టినెంట్ జనరల్ హెండర్సన్ బ్రూక్స్, బ్రిగేడియర్ భగత్ సమర్పించిన నివేదిక మరీ విచిత్రమైన ఉదాహరణ. 1963లో సమర్పించిన ఆ నివేదిక మీద ‘అతి రహస్యం’ అన్న ముద్ర పడింది. పాత్రికేయుడు కులదీప్ నయ్యర్ సమాచార హక్కు చట్టం కింద దానిని కోరగా 2010లో కేంద్ర సమాచార కమిషన్ నిరాకరించింది. ఆ విషయాలకు ఇప్పటికీ సైనిక ప్రాధాన్యం ఉన్నదని ఆనాటి రక్షణమంత్రి ఏ.కె. ఆంటోనీ పార్లమెంటుకు చెప్పారు. 2014లో నెవిల్ మాక్స్‌వెల్ అనే విదేశీ రచయిత తన దగ్గరున్న భాగాన్ని లోకానికంతటికీ వెల్లడించాడు. ఇప్పుడు దానిని బీజింగులో చదవవచ్చు, బోస్టనులో చదవవచ్చు, భీమవరంలో చదవవచ్చు. అధికారికంగా విడుదల చేయనిది మాత్రం భారత ప్రభుత్వమే. లోకమంతా చదివిన దాని మీద ‘అతి రహస్యం’ అన్న చీటీ నిలిచి ఉంటే, ఆ చీటీ దేశాన్ని రక్షిస్తున్నదా, చీటీ గౌరవాన్ని రక్షిస్తున్నదా?

ఈ విషయంలో పొరుగుదేశం నుంచి నేర్చుకోవలసినది కూడా ఉన్నదంటే కొందరికి చేదుగా ఉండవచ్చు. 1971 పరాజయంపై పాకిస్తాన్ నియమించిన హమూదుర్ రహమాన్ కమిషన్ నివేదిక కూడా దశాబ్దాలు చీకటిలోనే ఉన్నది. 2000 ఆగస్టులో ఒక భారతీయ పత్రిక అందులోని భాగాలను ప్రచురించగా, అదే సంవత్సరం డిసెంబరులో పాకిస్తాన్ ప్రభుత్వం నివేదికను బయట పెట్టింది. అప్పుడక్కడ ఉన్నది సైనిక ప్రభుత్వమన్నది గమనార్హం. గుట్టు రట్టయిన తరువాత ముద్ర తీసివేయడానికి సైనిక పాలకుడు చూపిన పాటి వివేకం ప్రజాస్వామ్య ప్రభుత్వాలు చూపలేకపోయాయి.

నిజానికి ఉపఖండమంతా ఒకే తాతగారి బీరువాను పంచుకున్నది. 1923 నాటి అధికార రహస్యాల చట్టం భారతదేశంలోనూ, పాకిస్తాన్‌లోనూ, బంగ్లాదేశ్‌లోనూ వారసత్వంగా నిలిచింది. 2021 మే నెలలో ఢాకాలో ఆరోగ్యశాఖ అవినీతిని వెలికితీస్తున్న రోజినా ఇస్లాం అనే పాత్రికేయురాలిని అరెస్టు చేసినది కూడా ఈ చట్టం కిందనే. విచిత్రమేమంటే ఈ చట్టం ‘రహస్యం’ అంటే ఏమిటో నిర్వచించదు. దానిని నిర్వచించే పని చీటీ అంటించే అధికారికి దఖలు పడింది. ఏది అతి రహస్యం, ఏది గోపనీయం అని తేల్చే హోంశాఖ సూచనలు పార్లమెంటు చేసిన శాసనం కాదు. సామాన్య పౌరుడు కొనుక్కొని చదవగల గ్రంథమూ కాదు. దేశ పౌరుని జైలుకు పంపగల ఒక ముద్రకు ఆధారం పౌరునికి తెలియని నియమాలలో ఉండటం న్యాయానికి నిలిచే సంగతి కాదు. ఈ చట్టాన్ని రద్దు చేయవలసినదని రెండవ పరిపాలనా సంస్కరణల సంఘం 2006లోనే సిఫారసు చేసింది. ఆ సిఫారసు ఏ చీటీతో ఏ అటక మీద ఉన్నదో చెప్పనక్కరలేదు.

చీటీ కన్న చట్టం పెద్దది

న్యాయస్థానాలు మాత్రం చీటీకి సాష్టాంగపడలేదు. ప్రధాని పర్యటనల భద్రతా నియమాలున్న నీలి పుస్తకం విషయమై 1975లో వచ్చిన రాజ్ నారాయణ్ కేసులో, ప్రభుత్వం బహిరంగంగా చేసే ప్రతి పనినీ తెలుసుకునే హక్కు ప్రజలకున్నదని జస్టిస్ మాథ్యూ స్పష్టం చేశారు. 1981లో న్యాయమూర్తుల బదిలీల కేసులో ప్రభుత్వం దాచదలచిన ఉత్తర ప్రత్యుత్తరాలను సుప్రీంకోర్టు బయట పెట్టించింది. 2005 సమాచార హక్కు చట్టం 22వ సెక్షను అధికార రహస్యాల చట్టంతో వైరుధ్యం వస్తే తనదే పైచేయి అని ప్రకటించింది. 2019 మార్చిలో రఫేల్ విమానాల కేసులో పత్రికలో వచ్చిన రహస్య ముద్ర గల కాగితాలను కోర్టు చూడరాదని ప్రభుత్వం వాదించగా, ఏప్రిల్ 10న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా ఆ అభ్యంతరాన్ని తోసిపుచ్చింది. ఆ పునఃపరిశీలన పిటిషన్లను నవంబరులో కొట్టివేసిన మాట నిజమే. కాని ముద్ర ఉన్నంత మాత్రాన న్యాయస్థానం కళ్ళు మూసుకోనక్కరలేదన్న సూత్రం స్థిరపడింది.

అధికారులు చెప్పే వాదాన్ని కూడా వినాలి. ప్రభుత్వానికి రహస్యాలు ఉండరాదా? ఉండాలి. సంకేత భాష, గూఢచారుల పేర్లు, సైన్యం కదలికలు, పొరుగుదేశాలతో సాగుతున్న చర్చలు, ప్రకటించక ముందు బడ్జెటు పన్నులు దాచవలసినవే. ముసాయిదాలో నిర్భయంగా అభిప్రాయం వ్రాసే అవకాశం లేకపోతే అధికారి నోరు మెదపడన్న వాదంలోనూ కొంత సత్యం ఉన్నది. ఆ భయంతోనే 2006లో ఫైళ్ళ మీది నోటింగులను సమాచార హక్కు నుంచి తప్పించే సవరణకు కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. ప్రజల నుంచి వచ్చిన నిరసన చూసి వెనుకకు తగ్గింది. కాని అన్నిటికీ రహస్య ముద్ర వేసే వ్యవస్థ నిజమైన రహస్యాన్ని కూడా కాపాడలేదు. ఊరందరి పెట్టెలకూ తాళాలు వేసి, ఒకే తాళపుచెవిని ఊరందరికీ ఇచ్చినట్లుంటుంది. ముద్రకు గౌరవం ఉండాలంటే ముద్ర అరుదుగా పడాలి.

ఈ నాలుగు మెట్ల ముద్రలను మనకు అప్పగించి వెళ్ళిన బ్రిటిష్ వారే వాటిని సవరించుకున్నారు. 2014 ఏప్రిల్‌లో తమ ఆరు హోదాలను మూడుకు కుదించి, ‘గోపనీయం’, ‘పరిమితం’ అన్న మెట్లను తీసివేశారు. అమెరికాలో 2009 నాటి అధ్యక్ష ఉత్తర్వు ప్రకారం రహస్య ముద్ర వేసిన వారెవరో, ఎందుకో, ఎప్పుడు తొలగాలో ఆ కాగితం మీదనే వ్రాయాలి. చట్ట ఉల్లంఘనను కప్పిపుచ్చడానికి గాని, ఇబ్బందికరమైన సంగతి బయటపడకుండా ఉండటానికి గాని ముద్ర వేయరాదు. ఆ దేశాలు గంగిగోవులని చెప్పడం నా ఉద్దేశం కాదు. అక్కడా దాచేవారు దాస్తూనే ఉన్నారు. అయితే దాచేవాడు సంజాయిషీ చెప్పుకోవాలన్న సూత్రమైనా అక్కడ ఉన్నది.

మన దగ్గర కూడా ఒక మంచి అడుగు పడింది. యుద్ధాల చరిత్రను అయిదేళ్ళలో కూర్చాలనీ, రికార్డులను సాధారణంగా 25 ఏళ్ళకు బహిర్గతం చేయాలనీ 2021 జూన్‌లో రక్షణ మంత్రిత్వశాఖ ఒక విధానం ప్రకటించింది. సుబ్రహ్మణ్యం నాయకత్వంలోని కార్గిల్ సమీక్షా సంఘం, వోహ్రా కమిటీ చెప్పిన దాన్ని రెండు దశాబ్దాల తరువాతనైనా తలకెత్తుకున్నందుకు అభినందించాలి. ఆ 25 ఏళ్ళ లెక్కకు 1962, 1965, 1971 అన్నీ ఎప్పుడో వచ్చేశాయి. విధానం ఉన్నది, గడువు దాటింది. ఇక కావలసినది చేయి కదపడమే.

ఏమి చేయాలి?

ఇందుకు కొత్త మహాశాసనం ఏదీ అక్కరలేదు. మొదటిది, ఏ చీటీ అయినా నాలుగు మాటలు చెప్పాలి: ఎవరు అంటించారు, ఎప్పుడు, ఎందుకు, ఎంతవరకు. ఈ నాలుగూ లేని చీటీ చెల్లదని నియమం చేయాలి. రెండవది, గడువు ముగిసిన ముద్ర తనంతట తానే రాలిపోవాలి. ఉంచదలచిన వారు కారణం వ్రాసి పొడిగించుకోవాలి. తీయదలచిన వారు శ్రమపడనక్కరలేదు. నేడు శ్రమ అంతా తీసేవానిది, సుఖమంతా ఉంచేవానిది. ఈ తిరగలిని తిప్పి పెట్టాలి. మూడవది, 1993 చట్టం 10వ సెక్షనును సవరించి, రహస్య పత్రమైనా 25 ఏళ్ళు నిండితే అభిలేఖాగారానికి చేర్చి, అక్కడనే తాళం వేసి ఉంచవచ్చు. చదవడానికి ఇవ్వకపోయినా కాగితం బ్రతికి ఉంటుంది. నాల్గవది, ‘ముగిసినది’ అన్న మాట వేసే అధికారం ఫిర్యాదు తీసుకున్న వానికి గాక, ఫిర్యాదు చేసిన వాని సమ్మతికి ముడిపడాలి. అతడు బదులీయకపోతే ‘జవాబు ఇచ్చినాము’ అని వ్రాసుకోవచ్చు. ‘తీరినది’ అని వ్రాసుకోరాదు. అయిదవది, ప్రతి శాఖా తన వద్ద ఎన్ని ఫైళ్ళకు గోప్యతా ముద్ర ఉన్నదో, ఆ ఏడు ఎన్నిటికి తీసివేసినదో అంకె మాత్రం ప్రకటించాలి. రికార్డులను జాబితాకట్టి సూచికతో ఉంచాలని సమాచార హక్కు చట్టం 4వ సెక్షను 2005 నుంచి చెబుతూనే ఉన్నది. సంఖ్య చెప్పడం వలన ఏ రహస్యమూ బయటపడదు, బద్ధకం తప్ప.

ఇదంతా సాధ్యం కాదని ఒకప్పుడు అనగలిగేవారు. ఆకుపచ్చ నోటు కాగితాలు, ఎర్రనూలు కట్టలు, చెదలు పట్టిన బీరువాలు ఉన్న రోజులలో చీటీ చరిత్రను ఎవరు వ్రాసుకుంటారని అడిగితే బదులు లేదు. నేడు ఇ-ఆఫీస్‌లో ఫైలు ఏ క్షణాన ఎవరి వద్దకు పోయినదో యంత్రమే గుర్తు పెట్టుకుంటుంది. చీటీ మార్చిన చేతినీ గుర్తు పెట్టుకోగలదు. గడువు రాగానే గంట కొట్టగలదు. కాబట్టి ఇక సాధనం లేదన్న సాకు చెల్లదు. సంకల్పం లేదని ఒప్పుకోవడమే మిగిలింది. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలోని రొయ్యలేమైనట్లు అన్న పాత ప్రశ్నకు ఈ యంత్రయుగంలో జవాబు దొరుకుతుంది, అడిగేవారుంటే.

అడగవలసినది పార్లమెంటు. ఏ శాఖ ఎన్ని ఫైళ్ళు తేల్చినదని గట్టిగా అడిగే సభ్యులు, ఆ తేల్చడం ఎట్టిదో అడగడం అరుదు. మన రెండు తెలుగు రాష్ట్రాల సభ్యులకు ఇందులో ప్రత్యేకమైన ఆసక్తి ఉండాలి. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు ఏ ఫైలు ఎవరిదో తేల్చుకోవలసిన కష్టం స్వయంగా అనుభవించినవారము మనము. కాగితం జాడ తెలియకపోతే ఆస్తి జాడ, నీటి వాటా జాడ, ఉద్యోగి సీనియారిటీ జాడ కూడా తెలియవన్నది మనకు పుస్తకజ్ఞానం కాదు.

నుదుటి రాతను మార్చడం మానవుని వశం కాదంటారు పెద్దలు. మనిషి నుదుటి సంగతి ఏమో గాని, ఫైలు నుదుటి రాతను వ్రాసినవాడు బ్రహ్మదేవుడు కాదు. జీతం తీసుకొనే ఉద్యోగి. ఆ జీతం ఇచ్చేది ప్రజలు. ఆ రాత క్రింద సంతకం, తేదీ ఉండాలని కోరడానికి వారికి పూర్తి హక్కు ఉన్నది.